నేను పడితే నువ్వు దూకకు

కృష్ణమ్మకు వరద వచ్చిందని, గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ దాకా, పాలమూరు నుంచి జూరాల దాకా రోడ్లన్నీ జంటలతో నిండిపోతాయి. కొత్తగా పెళ్లైనవాళ్లు, ఆదివారం తప్ప సెలవు దొరకనివాళ్లు, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్లు. పొద్దున్నే బండి మీద బయలుదేరి రాత్రికల్లా ఇల్లు చేరాలని లెక్క. వెళ్లొద్దని మేము అనం. ఎంత సంపాదించినా ఇద్దరూ కలిసి గడిపే పూట దొరకడమే కష్టమైన కాలమిది. కానీ ఒక్క విషయం ఈ వరద రోజుల్లోనే గట్టిగా చెప్పాలి.

ఇద్దరే వెళ్లిన చోట ఒకరు నీళ్లలో జారితే రెండోవారు వెనకాముందూ చూడకుండా దూకుతారు. ఈత రాకపోయినా దూకుతారు. ఒడ్డున నిలబడి కేక వేయడానికి మూడో మనిషి ఉండడు.

సాగర్ కాలువ గట్టును ఒకసారి దగ్గరగా చూడండి. ఎడమ కాలువైనా, కుడి కాలువైనా, లైనింగ్ చేసిన చోట ఏటవాలు సిమెంటుకు నీటి అంచు వెంబడి పాచి పట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే తెలియదు. కాళ్లు కడుక్కుందామని రెండడుగులు దిగితే చెప్పు జారుతుంది. పడ్డాక పట్టుకోవడానికి కొమ్మ ఉండదు, రాయి ఉండదు, గోరు దిగని సిమెంటే. పైకి నిదానంగా కనిపించే నీళ్లు లోపల కాలు నిలవనివ్వవు. ఈత వచ్చినవాళ్లు కూడా గట్టెక్కలేకపోయేది ఇందుకే.

నది సంగతి ఇంకా మోసం. మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిసిన వాన ఆల్మట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు, అక్కణ్నుంచి శ్రీశైలానికి, సాగర్‌కు వస్తుంది. ఇక్కడ చుక్క పడకపోయినా డ్యాం దిగువ బండలు మునిగిపోతాయి. వరద లేనప్పుడు కూడా కరెంటు ఉత్పత్తి కోసం నీళ్లు వదులుతారు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లకు మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అంతమంది కలిసి ఉండి కూడా ఒకరినొకరు కాపాడుకోలేకపోయారు. ఇక ఇద్దరే ఉన్నచోట చెప్పేదేముంది?

అందుకే బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని ఈ మాట అనుకోండి: "నేను పడితే నువ్వు దూకకు." వినడానికి అపశకునంలా ఉంటుంది. అయినా అనుకోవాలి. ఒడ్డున మిగిలినవాళ్లు బోర్లా పడుకుని చున్నీనో తువ్వాలునో విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసిరినా పట్టుకుని తేలవచ్చు. గొంతు చించుకుని అరవాలి, 112కు ఫోన్ చేయాలి. దూకితే ఈ పనులు చేసే మనిషే ఉండడు.

దారిలోనూ ఇద్దరే ఉండటంతో ఇదే ప్రమాదం. శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ రాకపోకలు బంద్. దారి మూసే గేటు పడకముందే దాటాలని చీకట్లో మలుపుల మీద బండి ఉరికిస్తారు. చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. నడిపే మనిషి స్పృహ తప్పితే వెనక కూర్చున్నామె ఎవరిని పిలవాలి? ఆమె తలకు హెల్మెట్ ఉండటమూ అరుదే. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఒక్కరోజులో మల్లెలతీర్థం జలపాతం, శ్రీశైలం రెండూ చూసి రావాలన్న ఆశ మానుకోండి. పొద్దుగూకకముందే అడవి దాటండి. అంత దూరానికి సమయం లేకపోతే పానగల్లు ఛాయా సోమేశ్వర ఆలయానికి వెళ్లండి, గర్భగుడిలో రోజంతా కదలని నీడను తీరిగ్గా చూడండి.

నీటిపారుదల శాఖకు, గట్ల వెంబడి ఉన్న పంచాయతీలకు ఒక విన్నపం. జనం ఫొటోలు దిగే ప్రతిచోటా ఒక తాడు, గాలి నింపిన ఒక లారీ ట్యూబు వేలాడదీయండి. హెచ్చరిక బోర్డు ఒక్కటే మునిగేవాణ్ని పైకి లాగదు.

ఈ ఆదివారం బయలుదేరే జంటలు బండిలో గట్టి నైలాన్ తాడు, రెండో హెల్మెట్ ఉన్నాయో లేదో చూసుకున్నాకే తాళం తిప్పండి.