పెద్ద చేపంటే తల్లి చేపే

చిన్న చేపను నీళ్ళలోకి వదిలెయ్యాలి, పెద్దదాన్నే ఇంటికి తెచ్చుకోవాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! చిన్నది ఇంకా ఎదగాలి, గుడ్లు పెట్టాలి, దాని సంతతి నిలబడాలి అన్న ఆలోచన అందులో ఉంది. చాలా దేశాల్లో చేపల చట్టాలకు పునాది కూడా ఈ మాటే. కానీ కొన్ని చేపల దగ్గరికి వచ్చేసరికి ఈ న్యాయం తిరిగి తిరిగి ఆడదాని మెడకే చుట్టుకుంటుందని నాకు ఈమధ్యే తెలిసింది. తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

మా ఆడపడుచు కూతురు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ దగ్గర ఉంటోంది. వారమంతా ఆఫీసు, సెలవొస్తే గాలం. కారు మీద చిన్న పడవ కట్టుకుని గాల్వెస్టన్ తీరానికి పోతుంది. ఆ పడవ పేరు కయాక్. ప్లాస్టిక్‌తో పోత పోసింది. ఒక్క మనిషి కూచుని, రెండు చివర్లా రెక్కలున్న ఒకే తెడ్డుతో నడుపుకోవాలి. ఇంజను లేదు, చప్పుడు లేదు. మోటారు బోటు బురదలో దిగబడిపోయే చోట ఇది జానెడు లోతు నీళ్ళు దొరికితే చాలు, ఆకులా తేలిపోతుంది. దీన్ని కనిపెట్టింది ఉత్తర ధ్రువం వైపుండే ఇన్యూట్ జనం. వాళ్ళలో కయాక్ అంటే వేటకు పోయే మగవాడి పడవ. ఇంటిల్లిపాదినీ, సామానునీ మోసే పెద్ద తోలు పడవ ఉమియాక్. అది ఆడవాళ్ళ పడవట. పోనీ మగవాడి పడవకైనా సీల్ తోళ్ళను నీటిచుక్క దూరకుండా కుట్టిచ్చేది ఎవరనుకున్నారు? ఆడవాళ్ళే. కుట్టేది ఆవిడ, ఎక్కేది ఆయన! అలాంటి పడవ మీద మా పిల్ల ఒక్కతే దర్జాగా పోతోందంటే నాకు లోలోపల సంబరమే.

ఆ అమ్మాయి ఎక్కువగా పట్టేది ఫ్లౌండర్ అనే చేపని. పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే చెరోవైపు ఒక కన్ను ఉంటుంది. ఎదిగే కొద్దీ ఒక కన్ను నెమ్మదిగా తలమీదుగా రెండో వైపుకి జరిగిపోతుంది. ఇక అది ఒక పక్కకు పడుకుని, రెండు కళ్ళూ పైకి పెట్టి, ఇసుకా బురదా రంగులోకి మారిపోయి అడుగున నక్కి ఉంటుంది. పక్కనుంచి పోయినా కనబడదట. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు, గడ్డిదుబ్బుల మధ్య పాయల్లోంచి నీళ్ళు వెనక్కి తీస్తుంటే వాటితోపాటు రొయ్యలూ చిట్టిచేపలూ కొట్టుకొస్తాయి. ఆ పాయ మొగదల దగ్గరే ఇది కాపు కాస్తుంది. అందుకని గాలం వేసేవాళ్ళు కూడా అక్కడే ఎరని అడుగుకి ఆనించి మెల్లగా లాగుతారు. తగిలిన వెంటనే గుంజకూడదు, అది ఎరను పూర్తిగా నోట పెట్టుకునేదాకా రెండు క్షణాలు ఓపిక పట్టాలి. ఆ పాయల్లోనే రెడ్ డ్రమ్, మచ్చల ట్రౌట్ కూడా పడతాయి. రుచి సంగతి అడిగితే, ఫ్లౌండర్ మన చింతపండు పులుసుకి నిలవదనీ వేపుడుకే బాగుంటుందనీ చెప్పింది.

ఇక అసలు సంగతి. టెక్సాస్‌లో ఫ్లౌండర్ 15 అంగుళాలుంటేనే ఉంచుకోవాలి, లేకపోతే వదిలెయ్యాలి. రోజుకి ఐదుకి మించకూడదు. పడవలో కొలబద్ద పెట్టుకునే తిరుగుతారు. బాగానే ఉంది కదూ? కానీ ఈ జాతిలో మగది 14 అంగుళాలు దాటడం అరుదు. పెద్దగా పెరిగేది ఆడదే. కొలబద్ద మీద పెట్టి చూస్తే నెగ్గేదీ అదే, వంటింటికి వచ్చేదీ అదే. చట్టం రాసినవాళ్ళు ఆడదాన్నే పట్టమని ఎక్కడా రాయలేదు. రాయనక్కర్లేకుండానే అలా జరిగిపోతోంది. “అత్తా, నేను పట్టినవన్నీ ఆడవేనట. మగవాటిని వదిలెయ్యమని చట్టమే చెప్తుంటే నేనేం చెయ్యను?” అంది మా పిల్ల ఫోన్‌లో. ఇప్పుడు ఐదు కాకుండా ఒక్కటే తెచ్చుకుంటానంటోంది.

ఇది చాలదన్నట్టు నీళ్ళు వేడెక్కుతున్నాయి. ఫ్లౌండర్ పిల్ల ఆడదవుతుందా, మగదవుతుందా అన్నది పుట్టుకతోనే పూర్తిగా తేలిపోదు. పుట్టుకకి ఆడదైన పిల్ల కూడా, వేలెడు కూడా లేని వయసులో నీళ్ళు మరీ వెచ్చగా ఉంటే మగదిగా ఎదుగుతుంది. మగపిల్ల ఆడదవడం మాత్రం లేదు. నార్త్ కరోలినా తీరంలో ఈ పిల్లల్ని పరిశీలించి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాన వెచ్చటి నీళ్ళున్న చోట్ల మగవే బాగా ఎక్కువని అందులో తేలింది. అంటే ఆడవి పుట్టేదగ్గరే తగ్గుతున్నాయి, ఎదిగినవేమో గాలానికి పోతున్నాయి. ఆడపిల్లల లెక్క తగ్గడమంటే ఏమిటో మన దేశంలో మనకొకరు చెప్పనక్కర్లేదు. ఆ రాష్ట్రంలో ఫ్లౌండర్ ఎంతగా తగ్గిపోయిందంటే 2024లో సరదాకి గాలం వేసేవాళ్ళకి అసలు సీజనే తెరవలేదు.

టెక్సాస్‌వాళ్ళు ఒక మంచి పని చేశారు. శీతాకాలం మొదలవుతూనే ఈ చేపలు పాయలు వదిలి, ఇరుకు ముఖద్వారాల గుండా బయటి సముద్రంలోకి గుడ్లు పెట్టడానికి పోతాయి. ఇన్నాళ్ళూ జనం సరిగ్గా ఆ దారిలోనే కాపు వేసేవారు. పురిటికి పుట్టింటికి బయల్దేరిన పిల్లని వీధి మొగలో పట్టుకున్నట్టు! 2021 నుంచి ఏటా నవంబరు 1 మొదలు డిసెంబరు 14 దాకా ఫ్లౌండర్‌ని ఉంచుకోకూడదని రూలు పెట్టారు. కానీ అది చాలదని నా అభిప్రాయం. అక్కడే రెడ్ డ్రమ్‌కి 20 నుంచి 28 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలన్న కొలత ఉంది. అంతకు మించినదాన్ని ఉంచుకోవాలంటే ట్యాగ్ కట్టాలి. ఫ్లౌండర్‌కీ అలా పైకొలత ఒకటి ఉండాలి. పెద్ద తల్లి పెట్టినన్ని గుడ్లు చిన్న తల్లి పెట్టలేదు. కింది కొలత కూడా దించితే మగవాటికీ వంతు వస్తుందని ఒక వాదన. అప్పుడు ఎదగని ఆడపిల్లలూ పోతాయి కదా అంటారు. నిజమే. అందుకే దానితోపాటు ఐదన్నది కూడా తగ్గించాలి.

ఎక్కడో అమెరికా చేప గొడవ మనకెందుకంటారా? కాకినాడ, కోరంగి పాయల్లో మన పండుగప్ప ఉంది కదా, అది ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్ద పండుగప్ప తెచ్చామని మురిసిపోతున్నామంటే తల్లినే తెచ్చామన్నమాట. ఇక పులస సంగతి చెప్పనే అక్కర్లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేదే గుడ్లు పెట్టడానికి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసినప్పటినుంచి దాని ఎగువ దారి ఎలాగూ కట్టయిపోయింది. ఉన్న కాస్త దారిలోనూ వలలే. అందులోనూ మనం అడిగేది ఏమని? “జన ఉందా?” అని. కడుపుతో ఉన్నదానికి ఎక్కువ ధర. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, ఎవరి పుస్తెలో ఆ చెప్పినాయన చెప్పలేదు!

కొనేటప్పుడు బేరమాడేది, జన విడిగా వేయించి పెట్టేది చాలా ఇళ్ళల్లో మనమే. కాబట్టి మగవాళ్ళ మీదకి తోసేసి తప్పుకోలేం. జన లేని పులస ఇవ్వమని అడిగేవాళ్ళు ఊరికి పదిమంది తయారైనా వేలం పాటలో ఆ ధర కొంత దిగుతుంది.

సముద్రంలో మరపడవల వేటకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం ఉంది. పులస ఏరు ఎక్కేది ఆ తరువాత. దానికంటూ కొన్ని వారాలు వలలు ఎత్తి ఉంచాలి. గంగపుత్రుల పొట్ట కొట్టమంటావా అని ఎవరైనా అడిగితే, కొట్టమనను. సముద్రం మీద వేటకు పోయే కుటుంబాలకి నిషేధం రోజులకి మన రాష్ట్రంలో 2025 నుంచి 20,000 రూపాయలు ఇస్తున్నారు. నదిమీద వల వేసేవాళ్ళకీ ఆ కొన్ని వారాలకి లెక్కగట్టి భృతి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పడవ ఎక్కేవాడి పేరొక్కటే రాసుకుంటే కుదరదు. తెల్లారకుండా గట్టుమీదికొచ్చి, చేపలు గంపకెత్తుకుని వీధులు తిరిగి అమ్మే ఆవిడకి కూడా ఆ వారాల్లో గంప ఖాళీయే. ఆవిడ పేరూ రాయాలి.