గ్రంథాలయ పన్ను పంచాయతీ సొత్తు కాదు

దర్శి పరిసరాల్లో ఏ ఊళ్లోనైనా ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. ఇంటి పన్ను, నీటి పన్ను, వీధి దీపాలు, డ్రైనేజీ, వాటి పక్కనే గ్రంథాలయ పన్ను అని ఒక వరుస కనిపిస్తుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. 1,000 రూపాయల పన్ను కట్టే ఇంటికి 80 రూపాయలు. మిర్చి కోతకు వెళ్లే కూలీ ఇంటి నుంచీ, పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని ఇంటి నుంచీ ఒకే లెక్కన వసూలయ్యే డబ్బు ఇది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ పన్ను విధించేది జిల్లా గ్రంథాలయ సంస్థ. పంచాయతీ, పురపాలక సంఘం చేయవలసింది దాన్ని వసూలు చేసి సంస్థకు జమ చేయడమే. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థలు ఈ సొమ్మును ఏళ్ల తరబడి చెల్లించకుండా అట్టేపెట్టుకోవడం కొత్త విషయం కాదు. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ బాకీ వందల కోట్లని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. గ్రంథాలయ సంస్థ బాకీ చెల్లించమని ఉత్తరం రాస్తుంది, కార్యాలయం దాన్ని ఫైలులో పెడుతుంది, మరుసటి ఏడాది అదే ఉత్తరం కొత్త తేదీతో మళ్లీ వెళుతుంది. కరోనా వచ్చాక ఈ ఎగవేతకు ఒక గౌరవప్రదమైన సాకు దొరికింది. ప్రాణాలు కాపాడాల్సిన సమయంలో పుస్తకాలకు డబ్బులేమిటన్నది ఆ సాకు. ఈ వాదన చెల్లదు. వసూలైన గ్రంథాలయ పన్నును ఏ ఆపద పేరు చెప్పీ ఆపుకునే హక్కు ఏ స్థానిక సంస్థకూ లేదు. బాకీలు కట్టాలి, వాటి గురించి నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ పన్ను కట్టిన జనం ముందు పెట్టాలి.

ఈ పన్నును సాధారణ పద్దులో కలపకుండా విడిగా పెట్టడానికి కారణం ఉంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పటి నుంచి గ్రంథాలయ ఉద్యమం దాతల చేతుల మీదే నడిచింది. మన పాత ప్రకాశం జిల్లాలోనిదే అయిన వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. అది ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసిన ఏడాది. అంతటి మహమ్మారి నడుమ కూడా ఒక చేనేత ఊరు గ్రంథాలయం పెట్టుకోవడం అనవసరమనుకోలేదు. 1929లో అక్కడి భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. అయితే అన్ని ఊళ్లకూ అలాంటి దాతలు దొరకరు. అందుకే 1948లో మద్రాసు చట్టం, ఆ తర్వాత 1960లో మన చట్టం గ్రంథాలయానికి ఒక నికరమైన ఆదాయం ఏర్పరిచాయి. సాధారణ నిధుల్లో కలిపితే ప్రతి బడ్జెట్ సమావేశంలోనూ మొదట కోత పడేది గ్రంథాలయానికేనని ఆ చట్టాలు రాసినవారికి తెలుసు. వారు ఊహించిన ప్రమాదమే ఇప్పుడు పెరటి దారిన లోపలికి వచ్చింది. పద్దు విడిగానే ఉంది, డబ్బు మాత్రం పంచాయతీ ఖాతా దాటదు. సిబ్బంది జీతాలు ప్రభుత్వ గ్రాంటు నుంచి వస్తాయి. దినపత్రికలు, కొత్త పుస్తకాలు, అద్దె, కరెంటు బిల్లు, బల్లలు, ఫ్యాన్లు నడవాల్సింది ఈ పన్ను మీదే. అది రాకపోతే గ్రంథాలయం మూతపడదు, అక్కడే మోసం ఉంది. తలుపు తెరిచే ఉంటుంది, గ్రంథాలయాధికారి కుర్చీలో ఉంటారు, బీరువాలో మాత్రం సిలబస్ మారిపోయిన పాత పోటీపరీక్షల పుస్తకాలు కూర్చుని ఉంటాయి. పైగా కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఇచ్చే సాయంలో రాష్ట్రం వాటాను బట్టి ఇచ్చే పద్ధతి ఉంది. మన వాటా తగ్గితే అటు నుంచి వచ్చేదీ తగ్గుతుంది.

కరోనా కాలంలో పంచాయతీల ఇబ్బంది నిజమే. లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. ఇంటి పన్నుల వసూళ్లకు అసలైన వారం అదే. మిర్చి కల్లాల మీద ఎండుతూ ఉంటుంది, గుంటూరు యార్డు డబ్బు చేతికొస్తూ ఉంటుంది, మార్చి 31 లోపు పన్ను కట్టించడానికి సిబ్బంది ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ ఏడాది యార్డు మూతపడింది, తిరుగుడు ఆగింది. మరోవైపు బ్లీచింగ్, హైపోక్లోరైట్, పారిశుద్ధ్య కార్మికుల రక్షణ సామగ్రి ఖర్చు పంచాయతీ నెత్తిన పడింది. మన దర్శి నియోజకవర్గంలోని కురిచేడులో 2020 జులై చివర, కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూసి ఉన్నప్పుడు, శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. గ్రంథాలయం సరిగ్గా నడిచి ఉంటే వాళ్లు బతికేవారని అనడం అబద్ధమవుతుంది, ఆ మాట మేము అనం. ఆ రోజుల్లో గ్రామ స్థాయి యంత్రాంగం ఎంత ఒత్తిడిలో ఉందో చెప్పడానికి మాత్రం ఆ ఘటన చాలు. వసూలు కాని పన్నును సంస్థకు కట్టలేదని ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. మా అభ్యంతరం వసూలైన దాని గురించి. రసీదు కోసి, డబ్బు తీసుకుని, గ్రంథాలయ పన్ను అని రాసి ఇచ్చిన మొత్తం ఎక్కడ ఉంది? పంచాయతీ రికార్డుల్లో డిమాండు, వసూలు, నిల్వ చూపే డీసీబీ రిజిస్టరు ఉంటుంది. వసూలు కానిదీ, వసూలై జమ కానిదీ వేర్వేరు విషయాలని ఆ రిజిస్టరే చెబుతుంది. సాకు మాత్రం రెండింటినీ కలిపేస్తుంది.

కోల్డ్ స్టోరేజీలో రైతులు దాచుకున్న మిర్చి బస్తాలను, కరెంటు బిల్లు కట్టాలని చెప్పి యజమాని అమ్ముకుంటే ఈ ప్రాంతంలో ఎవరూ ఊరుకోరు. బిల్లు నిజమే కావచ్చు, బస్తాలు ఆయనవి కావు. మహమ్మారి ఖర్చుకు వేరే సంచులు ఉన్నాయి. 2020 మార్చి 14న కేంద్రం కొవిడ్‌ను విపత్తుగా పరిగణించి, రాష్ట్ర విపత్తు సహాయ నిధి వాడుకోవడానికి అనుమతించింది. ఆ సెప్టెంబరులో కొవిడ్ అధికంగా ఉన్న రాష్ట్రాలకు ఆ నిధిలో వాడుకునే పరిమితి 35 నుంచి 50 శాతానికి పెరిగింది, ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి 70,051 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. ఇవి చాలాయా, సకాలంలో కిందికి చేరాయా అన్నది వేరే తగవు. ఆ తగవు రాష్ట్రంతో, కేంద్రంతో పడాలి. ఊళ్లో చదువుకునే పిల్లల 80 రూపాయల మీద పడకూడదు.

ఇక్కడ సర్పంచులు వేసే ఎదురు ప్రశ్నలో బలం ఉంది. పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద పైనుంచే సర్దేసుకున్నారని 2021లో రాష్ట్రమంతటా సర్పంచులు ఆందోళన చేశారు. మా డబ్బు పైవాళ్లు తీసుకుంటే మేము గ్రంథాలయానికి ఎక్కడి నుంచి ఇవ్వాలని వారు అడుగుతారు. వారి కోపం న్యాయమైనదే. తమకు చెందాల్సిన నిధులను తమ సమ్మతి లేకుండా మళ్లించడం తప్పని వారు గట్టిగా చెప్పారు, బాగా చెప్పారు. అదే సూత్రం గ్రంథాలయ సంస్థకూ వర్తిస్తుంది. పై నుంచి జరిగిన అన్యాయాన్ని కిందికి దించితే, చివరికి ఆ భారం మోసేది అడిగే గొంతు లేని పాఠకుడు.

బయటికి కనిపించని మరో సంగతి ఉంది. 2018 ఆగస్టులో గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు తీరింది. 2020 మార్చిలో స్థానిక ఎన్నికల ప్రక్రియ కరోనా కారణంగా వాయిదా పడింది. పంచాయతీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. అంటే మహమ్మారి మొదటి ఏడాది దాదాపు మొత్తం ఊళ్లను నడిపింది ప్రత్యేకాధికారులే. గ్రంథాలయ సంస్థ కార్యదర్శి ఉత్తరం రాస్తే అందుకున్నదీ అధికారే, జవాబు రాసినా రాయకపోయినా నిర్ణయించిందీ అధికారే. గ్రామసభలో ఆ ఉత్తరం చదివి వినిపించే సర్పంచి లేరు, ఇదేమిటని అడిగే వార్డు సభ్యుడూ లేడు. దర్శి విషయం ఇంకాస్త చిక్కు. గ్రామ పంచాయతీగా ఉన్న ఊరు నగర పంచాయతీ అయింది, తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. పాత పంచాయతీ కాలంలో వసూలై జమ కాని పన్ను ఏమైనా ఉంటే దాని బాధ్యత ఎవరిది, కొత్త కార్యాలయం ఆ బాకీని తన పుస్తకంలోకి ఎక్కించుకుందా అన్నది రికార్డులోనే తేలాలి. ఎవరినీ దోషులుగా ముందే తేల్చడం మా ఉద్దేశం కాదు. బాకీ లేకపోతే ఆ మాట కూడా అంకెలతో ప్రకటించవచ్చు, అది నగర పంచాయతీకే గౌరవం.

సెల్‌ఫోన్ ఉండగా గ్రంథాలయం ఎవరికి కావాలనే ప్రశ్నకు కరోనాయే జవాబు చెప్పింది. బడులు మూతపడ్డాక పాఠాలు ఫోన్లలోకి, దూరదర్శన్ సప్తగిరిలోకి వెళ్లాయి. 2020 సెప్టెంబరులో పిల్లల చదువుపై జరిగిన అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ విద్యార్థుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 62 శాతం లోపే. సర్వేకు ముందటి వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందుకున్న పిల్లలు మూడో వంతు కాస్త పైచిలుకు మాత్రమే. ఫోన్ ఉన్న ఇంట్లో కూడా అది తండ్రితో పాటు పొలానికి వెళ్లేది. అప్పుడు ప్రతి శాఖా గ్రంథాలయంలో కథల పుస్తకాలూ, పాఠ్యపుస్తకాలూ సంచుల్లో కట్టి గ్రామ వాలంటీర్ల చేత ఇళ్లకు పంపించి ఉంటే ఎంత ఉపయోగం! అప్పట్లో ఒక్కో వాలంటీరుకు యాభై ఇళ్లు ఉండేవి, జ్వరం సర్వేకు ఎలాగూ గడప గడపా తిరిగేవారు. ఇలాంటి ఆలోచన మన నేలకు కొత్తది కాదు. 1935లో గ్రంథాలయ ఉద్యమకారుడు పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని ఆ తరం గ్రహించింది. అమెరికా 2020 నాటి కరోనా సాయం చట్టంలోనే గ్రంథాలయాలు, మ్యూజియంల సంస్థకు 5 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 20 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇంగ్లండ్‌లో 2020 నవంబరు లాక్‌డౌన్ సమయంలో కూడా ముందుగా అడిగిన పుస్తకాన్ని గుమ్మం దగ్గర ఇచ్చే ఏర్పాటు, కంప్యూటర్ లేనివారికి గ్రంథాలయంలో కంప్యూటర్ వాడుకునే వీలు కొనసాగాయి. మహమ్మారిలో గ్రంథాలయాన్ని సహాయక చర్యల్లో భాగంగా చూసినవారు అలా చేశారు. మనం దాన్ని కోత పెట్టదగ్గ ఖర్చుగా చూశాం. నేటికీ కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు చదివే యువతకు కోచింగ్ కోసం ఒంగోలులో, గుంటూరులో గది అద్దెకు తీసుకునే స్తోమత లేకపోతే మిగిలేది ఊళ్లోని గ్రంథాలయమే. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు వచ్చింది. ఆ పరీక్షకు కూర్చున్న కూలీ బిడ్డకు కొత్త పుస్తకం కావాలి, నిశ్శబ్దంగా చదువుకునే చోటు కావాలి.

చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. పన్ను చెల్లింపు ఆన్‌లైన్ అయ్యాక, కట్టిన క్షణంలోనే గ్రంథాలయ పన్ను భాగం నేరుగా జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. అప్పుడు ఉత్తరాలు రాసే పనే ఉండదు. పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్ను మూలధన విలువ ఆధారంగా మారింది. పన్ను పెరిగితే దానితో పాటు గ్రంథాలయ పన్నూ పెరుగుతుంది. పెరిగిన భారం మోసే దర్శి పట్టణవాసికి దాని ఫలం తన శాఖా గ్రంథాలయంలో కనిపించాలి. పాత బాకీలను ఒకేసారి కట్టలేని పంచాయతీలకు వాయిదాలు ఇవ్వవచ్చు, మాఫీ మాత్రం ఇవ్వకూడదు. మాఫీ చేస్తే నిజాయతీగా కట్టిన పంచాయతీని శిక్షించినట్టే. గ్రంథాలయ సంస్థ కూడా తన వంతు జవాబుదారీ చూపాలి. అధ్యక్షుణ్ణి ప్రభుత్వమే నామినేట్ చేసే పద్ధతి వల్ల ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థకు ఒక కుదుపు తప్పడం లేదు. ఏ పంచాయతీ నుంచి ఎంత వచ్చింది, ఏ శాఖకు ఎన్ని పుస్తకాలు కొన్నారు అనే పట్టికను ఏటా గోడకు అతికించడానికి అధ్యక్షుడి నియామకం దాకా ఆగాల్సిన పని లేదు. అలా చూపిస్తేనే మా డబ్బు మీకిస్తే ఏం చేశారనే పంచాయతీల విమర్శకు జవాబు ఉంటుంది.

సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ఇలాంటి లెక్కలను అడగకముందే ప్రకటించమంటోంది. ప్రకటించకపోతే అడగండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 2019–20 నుంచి ఇప్పటి వరకు మీ ఊళ్లో వసూలైన గ్రంథాలయ పన్ను ఎంత, సంస్థకు జమ చేసింది ఎంత, ఈ విషయమై వచ్చిన ఉత్తరాలకూ ఇచ్చిన జవాబులకూ నకళ్లు కావాలని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దర్శి, దొనకొండ, కురిచేడు, తాళ్లూరు, ముండ్లమూరు మండలాల పాఠకులు, చదువుకుంటున్న యువత ఈ పని చేయాలని కోరుతున్నాం. జవాబు ఇవ్వడానికి చట్టం 30 రోజులు గడువు ఇచ్చింది.