సైలాబ్ సరే, భూక్ ఎవరి మర్జీ?

వరదొచ్చినా తుఫానొచ్చినా మన ఇళ్లలో ఒకటే మాట: "అల్లా మర్జీ." ఆ మాట మీద నాకు ఎతరాజ్ లేదు. దాన్ని ఎక్కడిదాకా లాగుతున్నామన్నదే నా సవాల్. వాన కురవడం ఆయన మర్జీయే. ఆ వాన వెలిసిన రెండు నెలలకు ఓ కూలీ ఆకలితో చచ్చిపోతే అదీ అంతేనా?

1974లో బంగ్లాదేశ్‌లో అదే జరిగింది. బ్రహ్మపుత్ర పొంగి రంగ్‌పూర్, మైమన్‌సింగ్ జిల్లాల్లో పొలాలు మునిగాయి. నాట్లు లేవు కనుక కూలి లేదు. పంట పోతుందన్న భయంతోనే బియ్యం ధర పెరిగిపోయింది. కొన్నిచోట్ల మూడు నెలల్లో రెట్టింపు. అమర్త్య సేన్ తర్వాత లెక్కలు తీస్తే తేలిందేమిటి? 1971 నుంచి 1975 దాకా చూస్తే, తలసరి తిండిగింజలు ఎక్కువున్నది ఆ కరువు ఏడాదే! అనాజ్ ఉంది. గరీబు చేతిలో పైసా లేదు. పైగా క్యూబాకు గోనెసంచులు అమ్మారని అమెరికా ఆహార ఇమ్దాద్ ఆపేసింది. నదికి ఈ సియాసత్ ఏం తెలుసు?

ఆ ఏడు రమ్‌జాన్ సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ రోజుల్లోనే సర్కారు లంగర్‌ఖానాలు తెరవాల్సి వచ్చింది, దాదాపు 6 వేలు. లంగర్ అంటే మనకు దర్గా దగ్గర బర్కత్‌గా తినే భోజనం. అక్కడ 43 లక్షల మంది దాని మీదే బతికారు. చనిపోయినవాళ్లు 26 వేలని సర్కారు చెప్పింది. అసలు సంఖ్య లక్షల్లో ఉంటుందని మిగతావాళ్ల అంచనా.

తఖ్దీర్ అని ఊరుకుందామంటే, అదే దేశం ఇంకో సంగతి చెబుతోంది. 1970 భోలా తుఫానులో అక్కడ 3 లక్షలకు పైగా పోయారు. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు పదుల్లోనే. సముద్రం మారలేదు. షెల్టర్లు కట్టారు, ముందే ఊరూరా తిరిగి హెచ్చరించే వాలంటీర్లను తయారుచేశారు.

వరద చందా వసూలుచేసే మన జమాతులకు నాదొక అర్జీ. ఇల్లు కూలిందా, సామాన్లు పోయాయా అని అడుగుతున్నారు, మంచిదే. కూలి ఎన్ని రోజులు పోయిందో కూడా అడగండి. కంబళితోపాటు ఆ రోజుల పైసలు లెక్కకట్టి చేతికివ్వండి. బజారులో బియ్యం ఉంటుంది, వాళ్లే కొనుక్కుంటారు.