కక్కు కాదు, కొసరి పెట్టడం

సంపాదకులకు,

పెంపుడు చిలుక మేత బయటికి తెస్తే అది అజీర్ణమేనని, ఒక పూట పస్తుంచమని గత సంచికలో వచ్చిన సలహా సరికాదు. బుల్లి బడ్జీలకు, కాకటీల్‌లకు పస్తు ప్రమాదం కూడా.

ఆకివీడు నుంచి కైకలూరు దాటి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళితే చాలు, విషయం కళ్లకు కడుతుంది. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి తలదూర్చి, తల్లి గొంతులోంచి తెచ్చిన చేపను తింటుంది. దాన్ని చూసి తల్లికి జబ్బు చేసిందని ఎవరూ అనుకోరు. చిలుకలూ పిల్లలకు అలాగే పెడతాయి. పైగా జంటకు కూడా కొసరి పెడతాయి. మెడ సాచి, తల పైకీ కిందకీ ఊపి, మేత సంచిలోని గింజల్ని జాగ్రత్తగా అందిస్తాయి. పంజరంలో జంట లేకపోతే ఆ మర్యాద అద్దానికో, గంటకో, యజమాని వేలికో దక్కుతుంది!

తిట్టడం దండగ. అద్దం తీసేయాలి. వీపు, రెక్కల కింద నిమరకూడదు. తల నిమిరితే చాలు. ఊపు మొదలవగానే మాట్లాడకుండా దించేయాలి. రాత్రి పది పన్నెండు గంటల చీకటి ఇవ్వాలి. టీవీ ముందు పంజరం పెట్టే ఇళ్లలో ఇదే కష్టం.

అసలు వాంతి వేరు. తల విదిలించి చుట్టూ చిమ్ముతుంది, తల ఈకలు జిగటగా అంటుకుంటాయి, పక్షి ముడుచుకు కూర్చుంటుంది. మేత సంచికి ఇన్ఫెక్షన్ సోకినా, పంజరం జింకు పూత కొరికినా ఇలా కావచ్చు. అప్పుడు ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.

అన్నట్టు, వ్యాసం పక్కన వేసిన బొమ్మ మన రామచిలుకది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడమే నేరం.

— ఒక పాఠకుడు, ఆకివీడు