తూము ఎవరి చేతిలో నున్నది?

మన గోదావరీ మండలములలో పద్యము వ్రాయువాడును, పాట కట్టువాడును, చిత్రము గీయువాడును నేడు ప్రచురణకర్తల గుమ్మముల కడ పడిగాపులు పడుటలేదు. చేతిలోని ఫోనే వారికి అచ్చుకూటము, అదియే సభామంటపము. ఇది చూచి కొందఱు పెద్దలు ముక్కు విఱుచుచున్నారు. రచనను ఊరక పంచువాడు దాని విలువను తానే చంపుకొనుచున్నాడట! ఈ యాక్షేపణ మాకు సమ్మతము కాదు.

1874లో రాజమహేంద్రవరమునుండి వివేకవర్ధని వెలువడినపుడు తెలుగు వచనమునకు పాఠకులు సిద్ధముగా కూర్చుండి యుండలేదు. వీరేశలింగము పంతులుగారు వారిని తయారుచేసికొనిరి. రాజశేఖర చరిత్రము 1878లో ఆ పత్రికలోనే కొంచెము కొంచెముగా వెలువడి 1880లో గ్రంథరూపము దాల్చెను. తిరుపతి వేంకటకవులు అవధానసభలలో ఆశువుగా పద్యములను వెదజల్లిరి. అందువలన వారి పద్యమునకు విలువ తగ్గెనా? వారి పాండవనాటకముల పద్యములు అక్షరము రానివాని నోటను నిలిచినవి. అంతదూరమేల? 2018లో వడిసలేరు గ్రామమున కూలిపని చేసికొను నొక స్త్రీ పాడిన పాట ఫోనులవెంట ప్రాకి సినీసంగీత దర్శకుల చెవిని బడెను. ఏ సిఫార్సు ఉత్తరము ఆమెను అంతదూరము తీసికొనిపోగలిగెడిది?

కావున పంచుకొనుట తప్పుగాదు. మా తగవు వేఱొకచోట నున్నది. పంతులుగారి పత్రిక మొదట చెన్నపట్టణమున అచ్చయ్యెడిది. పిమ్మట మిత్రులతో గలిసి వారు తమ యూరనే ముద్రాయంత్రము నెలకొల్పిరి. పంచుటను నేర్చిన మనవారు ఈ రెండవ పాఠమును మఱచిరి.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి డెల్టా రైతునకు తెలిసిన సంగతి యొకటి కలదు. గోదావరి నిండుగా పాఱుచున్నను తూము తెఱచువాడు తెఱచిననే చేను తడియును. శివారు భూమివాని నడిగి చూడుడు. నేడు మన కవి పద్యమును ఎందఱికి చూపవలెనో, ఎవరికి చూపరాదో నిర్ణయించునది సముద్రముల కావలనున్న కంపెనీ గణితము. యూట్యూబు 2018 జనవరిలో నొక కట్టడి ప్రకటించెను: 1,000 మంది చందాదారులును, పండ్రెండు మాసములలో 4,000 గంటల వీక్షణమును లేనివానికి ప్రకటనల రాబడిలో పాలు లేదు. అంతకు మునుపు మొత్తము 10,000 వీక్షణములు చాలెడివి. ఈ మార్పునకు ఏ రచయిత సమ్మతి నడిగిరి? 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము 59 చీనా యాపులను నిషేధించెను. వానిలో టిక్‌టాక్ ఒకటి. నిషేధము న్యాయమా కాదా యను చర్చ ఇక్కడ వలదు. ఏండ్ల తరబడి ప్రేక్షకులను కూడబెట్టుకొన్న పల్లెటూరి నటులకును, గాయకులకును ఆ ప్రేక్షకుల జాడయే లేకపోయెను. లక్షమంది తనవారని మురిసినవానికడ పదిమంది చిరునామాలైన లేవు. పెండ్లివిందునకు వచ్చినవారెల్ల మన చుట్టములే యనుకొనుట వంటిదే యీ మురిపెము!

కంపెనీలను బహిష్కరింపుమని మేము చెప్పుటలేదు; సంతకు పోనివాని సరుకు ఎవరికి తెలియును? సంతలో కాపురము పెట్టవలదనియే మా మాట. రచన యొక్క మూలప్రతి తేదీతో తనకడ నుండవలెను. తన సొంత పేరిట అంతర్జాలమున నొక చిరునామా యుండవలెను. మెచ్చినవారి ఈమెయిలు చిరునామాలను అడిగి వ్రాసికొని, మాసమునకొక లేఖయైన పంపవలెను. అట్టి నూఱుగురు పాఠకులను ఏ కంపెనీయు ఒక్క రాత్రిలో అపహరింపజాలదు.

ఇక గ్రంథాలయోద్యమ పితామహుడైన అయ్యంకి వేంకటరమణయ్యగారిని కన్న సీమలోని పఠనమందిరములవారి కొక ప్రశ్న. గౌతమీ గ్రంథాలయము తాళపత్రములను సైతము భద్రపఱచినది. మీ యూరి యువకుల పాటలు, కథలు, చిత్రములు పరాయి యంత్రములలో మాత్రమే నిలిచియుండగా, ఒక కంప్యూటరును, రెండు హార్డుడిస్కులును కొని వాని ప్రతులను దాచుటకు ఈ మాసముననే చందాపుస్తకము తెఱచుటకు అడ్డమేమి?