ముక్కు దించితే టైరు ఏడ్చింది

పోయిన నెల లాల్‌పేట్‌లో మా గల్లీ పిల్లగాడు ఒకడు పికప్ బండి తెచ్చి ఇంటి ముందు ఆపిండు. వాని నాయిన మిల్లులో నాతో పని చేసినవాడే. రిటైరైనప్పుడు వచ్చిన పైసల్లో సగం ఆ బండికే పెట్టిండు, మిగతాది కిస్తీ. సెకండ్ హ్యాండ్ బండే గాని ఇంజను మంచిది. రాజురా మీదుగా ఆసిఫాబాద్ దాకా కూరగాయల లోడు కొడతడు.

"కాకా, ముందు టైర్లు చూడు. నాలుగు నెలలు కాలేదు" అన్నడు.

వంగి చూసిన. బయటి అంచు కొత్తగానే ఉంది. లోపలి అంచు గుండులెక్క నున్నగైంది. ఇంకొన్నాళ్లయితే తీగలు తేలుతయి. మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించిండట. మూడుసార్లూ "ఓకే" అని చిట్టీ ఇచ్చిన్రట.

బండి పక్కకు పోయి నిలబడి చూస్తే సంగతి తెలిసింది. వెనక లేచింది, ముందు వంగింది. లోడు కోసమని వెనక ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేయించిండు. సోకు కోసమని ముందు టోర్షన్ బార్ బోల్టు వదులు చేయించి ముక్కు దించిండు. "దోస్తులందరూ చేయించుకున్నరు కాకా" అన్నడు.

దించితే ఏమైతది?

ఇట్లాంటి బండిలో ముందు చక్రాన్ని రెండు ఆర్ములు పట్టుకుంటయి. పైది పొట్టిది, కిందిది పొడుగుది. బండి కిందికి దిగితే ఆ రెండూ ఒక్కతీరు తిరగవు. చక్రం తల లోపలికి వాలుతది. దీన్నే కాంబర్ తప్పిందంటరు. అప్పుడు బరువంతా లోపలి అంచు మీదనే పడతది.

ఇంకోటి, టై రాడ్ కూడా వంపు మారుతది. దాంతో రెండు చక్రాల చూపు మారిపోతది. ఇది టో. మూడోది కాస్టర్. ముక్కు కిందికి, తోక పైకి అయితే కాస్టర్ తగ్గుతది. అప్పుడు స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను నేరుకు రాదు. పెద్ద లారీ ఎదురొచ్చినప్పుడు బండి ఊగుతాందని పిల్లగాడే చెప్పిండు. టైరు పోతే పైసలే పోతయి. రాత్రిపూట బొగ్గు లారీల నడుమ బండి మాట వినకపోతే పోయేది పైసలు కాదు.

మిల్లులో పని చేసినవాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. పేపర్ మిషన్‌లో ఒక్క రోలు పక్కదానికి సమంగా లేకుంటే ఏమైతదో యాదికుందా? కాగితం ఒక పక్కకు జరుగుతది, ముడతలు పడతది, చివరికి తెగుతది. కాగితాన్ని తిట్టి లాభం లేదు, రోలును చూడాలె. టైరు కూడా అంతే.

లెక్క చూడండి. టైరు ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుందాం. ముందుకూ వెనక్కూ కొలిస్తే ఒక చక్రం 3.5 మిల్లీమీటర్లు వంకర చూస్తుందనుకుందాం. అంటే 1 కిలోమీటరు పోయేసరికి ఆ టైరు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. 100 కిలోమీటర్లకు అర కిలోమీటరు! వేలిగోరంత కూడా లేని తప్పుకు ఇంత రాపిడి.

మరి మూడుసార్లు చేసినా ఎందుకు కుదరలేదు?

చిట్టీలు తెప్పించి చూసిన. మూడుసార్లూ టో ఒక్కటే సరిచేసిన్రు. కాంబర్ ఎర్రగనే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. చదును నేల మీద బండి పెట్టి, నేల నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పట్టిన. ఎడమ దిక్కు కుడికంటే 2 సెంటీమీటర్లు కింద ఉంది. జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టి ఊపితే టక్‌టక్ మంటాంది. కింది బాల్ జాయింట్ లూజు. లూజు జాయింట్ మీద చేసిన అలైన్‌మెంట్ గేటు దాటకముందే పోతది.

అందుకే వరుస తప్పొద్దు:

1. ముందు టైర్ల గాలి సరిచూడండి. రెండు ముందు టైర్లు ఒకే సైజు ఉండాలె.
2. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, ఆర్ము బుష్‌లు, చక్రం బేరింగ్ చూడండి. లూజున్నవి మార్చినంకనే ముందుకు పోండి.
3. తర్వాత ఎత్తు. రెండు దిక్కులా సమం చేయండి. బోల్టు తిప్పినంక బండిని కొంత దూరం నడిపి, మళ్లా కొలవండి.
4. ఆ తర్వాతే మిషన్ మీదికి. కాస్టర్, కాంబర్ ముందు, టో చివరికి. స్టీరింగ్ నేరుగా పెట్టించండి.
5. ముందూ తర్వాతా ఉన్న రెండు చిట్టీలూ అడగండి. మూడు లెక్కలూ ఉండాలె.

కొన్ని బండ్లకు ముందు కూడా కమాన్ పట్టీలు, ఒకటే యాక్సిల్ ఉంటయి. వాటికి మామూలుగా టో ఒక్కటే సరిచేస్తరు. కాంబర్ తప్పితే యాక్సిల్ వంగిందా, కింగ్ పిన్ బుష్ అరిగిందా చూడాలె.

టైరే చెప్తది, చెయ్యి పెట్టి చూడండి. ఒక అంచు నున్నగ అరిగితే కాంబర్. చెయ్యి ఒక దిక్కు జారి ఇంకో దిక్కు రంపంలెక్క గీసుకుంటే టో. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. గుంటలు గుంటలు పడితే షాక్ అబ్జార్బర్.

మా పిల్లగాని బండికి దించిన ఎత్తులో కాంబర్ కుదరలేదు. షిమ్ములతో ఎంత జరిపినా హద్దు దాటే ఉంది. మిస్త్రీ సాఫ్‌గ చెప్పిండు, "కంపెనీ ఎత్తుకు తేకుంటే నేను సంతకం పెట్టను" అని. నాకు ఆ మాట నచ్చింది. ఇంకో మాట కూడా పిల్లగానికి చెప్పిన. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటది. ఫిట్‌నెస్‌కు పోయిననాడు, యాక్సిడెంట్ అయిననాడు ఈ పనులన్నీ లెక్కకొస్తయి.

వాడు గునిసిండు. నాయిన మాత్రం ఏమీ అనలేదు. అరిగిన టైరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లనే కూసున్నడు. ముప్పై ఏండ్ల షిఫ్టుల పైసలు ఆ టైరు లోపలి అంచు మీద అరిగిపోతున్నయని వాడికి అప్పుడు సమజైంది. మరునాడు తనే బండి తీసుకపోయి ముక్కు లేపించిండు, వెనక పట్టీ తీయించిండు, బాల్ జాయింట్ మార్పించిండు. కొత్త టైర్లు రెండు వేయించినంక అలైన్‌మెంట్. మొన్న కనబడి "కాకా, చెయ్యి వదిలినా నేరుగ పోతాంది" అన్నడు.

"చెయ్యి మాత్రం వదలకురా" అన్న.

సోకు చేయాలంటే బండికి రంగు వేయించుకోండి, వెనక అమ్మ పేరు రాయించుకోండి. చక్రాన్ని మాత్రం దాని దారిన పోనియ్యండి.

వచ్చే నెల: వానలకు ముందు బ్రేకులు ఎట్లా చూసుకోవాలె.