ఆసుపత్రి అడిగే ఆ ఒక్క ప్రశ్న

గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్‌లలో ఏ పెద్దాసుపత్రిలో చేరినా ముందుగా నర్సో, డ్యూటీ డాక్టరో కేస్‌షీట్ పట్టుకుని వచ్చి వరుసగా ప్రశ్నలడుగుతారు. బీపీ ఉందా? షుగర్ ఉందా? ఇంతకుముందు ఆపరేషన్లేమైనా జరిగాయా? వీటికి ఇంటిల్లిపాదీ పోటీపడి జవాబులు చెబుతారు. ఆ తర్వాతి ప్రశ్నకు మాత్రం గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం అలముకుంటుంది. మందు తాగే అలవాటుందా? నిద్రమాత్రలు గానీ, ఇంకేవైనా మత్తుపదార్థాలు గానీ వాడతారా? మంచం మీదున్న పెద్దమనిషి పైకప్పు వైపు చూస్తాడు. భార్య తలవంచుకుని, ‘అబ్బే, మాది ప్రార్థన చేసుకునే కుటుంబమండీ’ అంటుంది. నర్సు ‘లేదు’ అని రాసుకుని వెళ్లిపోతుంది. ఒక్కోసారి ఆ ఒక్క ‘లేదు’ రోగి ప్రాణం మీదికి తెస్తుంది!

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి మద్యం హఠాత్తుగా ఆగిపోతే 6 నుంచి 24 గంటల్లోపు చేతుల వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, లేని మాటలు వినిపిస్తాయి. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ఇది ప్రాణాంతకం. ముందే నిజం చెబితే డాక్టర్లు థయామిన్ ఇస్తారు, వణుకును అదుపు చేసే మందులు సిద్ధంగా ఉంచుకుంటారు, మత్తు డాక్టరు తన లెక్క మార్చుకుంటాడు. చెప్పకపోతే హెర్నియా ఆపరేషన్‌కని చేరిన మనిషి మూడో రాత్రి సెలైన్ పీకేసుకుని గోడ మీద పురుగులున్నాయని కేకలు వేస్తాడు. అప్పుడు అర్ధరాత్రి పాస్టర్‌గారికి ఫోన్ వెళ్తుంది, మా ఆయనకు దయ్యం పట్టింది, వెంటనే వచ్చి ప్రార్థన చేయండని! దురాత్మలను వెళ్లగొట్టే అధికారం ప్రభువు తన శిష్యులకిచ్చాడన్న సంగతిని నేను కాదనడం లేదు. కానీ ఆ రాత్రి దైవజనుడు నూనెసీసా తీయకముందు డ్యూటీ డాక్టరు చెవిలో ఒక్క నిజం వేస్తే ఆ కుటుంబానికి అంతకన్నా మేలు చేసినవాడవుతాడు.

ఇది గొప్పవాళ్లకే పరిమితం కాదు. తెలంగాణ ఆసుపత్రులకు కల్లు కథ పాతదే. కల్లులో అల్‌ప్రాజోలం కలిపి అమ్మడం, అది తాగినవాళ్లు ఆ మందుకు బానిసలు కావడం ఏళ్లుగా సాగుతోంది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు చేసి దుకాణాలు మూయించినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు వింతగా ప్రవర్తించే రోగులతో నిండిపోయాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఈ ఐటీ కారిడార్‌లో గోడలు లేపిన కూలీల్లో పాలమూరు వాళ్లెందరో! ఆ కూలీ కాలు విరిగి వార్డులో చేరితే ‘కల్లు తాగుతావా’ అని అడగాలని డాక్టరుకు తట్టాలి, ‘రోజూ తాగుతాను’ అని చెప్పే ధైర్యం అతనికుండాలి.

మరి ఎందుకు దాస్తారు? సంఘంలో పరువు పోతుందన్నది మొదటి భయం. ఐటీ కారిడార్‌లో ఇంకో భయం కూడా ఉంది. మద్యం, మత్తుపదార్థాల వ్యసనానికీ, దానివల్ల వచ్చే జబ్బులకూ పరిహారం ఉండదన్న షరతు ఆరోగ్య బీమా పాలసీల్లో మామూలే. కేస్‌షీట్‌లో ఆ మాట పడితే క్లెయిమ్ పోతుందని, సంగతి ఆఫీసు దాకా వెళ్తుందని భయం. ఆ భయం ఒట్టిదని నేననను. అయితే మానసిక రోగాలకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను అదే చట్టం మానసిక రోగాల నిర్వచనంలో చేర్చింది. చట్టానికీ పాలసీ షరతుకూ మధ్య పేచీ తేలేదాకా కుటుంబాలు దాస్తూనే ఉంటాయి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. బేతెస్ద కోనేటి దగ్గర పడివున్న రోగి 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్నాడని యోహాను రాశాడు (యోహాను 5:5). అంకె యాదృచ్ఛికమే, కానీ యేసుప్రభువు అతన్నీ ముందు ఓ ప్రశ్నే అడిగాడు, బాగుపడాలని ఉందా అని. అతను అవునని సూటిగా చెప్పలేదు, తనను కోనేటిలో దించేవాళ్లు లేరని వాపోయాడు.

ఇంతవరకూ మంచం మీదున్నవాళ్ల సంగతి. మంచం పక్కన నిలబడినవాళ్ల మాటేమిటి? 2025 మే నెలలో రాయదుర్గం పోలీసులు 53 గ్రాముల కొకైన్ కేసులో ఓ వైద్యురాలిని అరెస్టు చేసినప్పుడు నగరం నివ్వెరపోయింది. కేసు సంగతి న్యాయస్థానం తేలుస్తుంది. ఆమె పేరును, ఫొటోలను మన విశ్వాసులు కూడా వాట్సాప్ గ్రూపుల్లో ఉత్సాహంగా పంచుకోవడం మాత్రం నాకు బాధ కలిగించింది. వైద్యుడు ముందు తనను తాను బాగుచేసుకోవాలన్న సామెతను నజరేతువాళ్లు తనమీద ప్రయోగిస్తారని ప్రభువే అన్నాడు (లూకా 4:23). ఎగతాళికి ఆ సామెత ఇప్పటికీ పనికొస్తోంది.

వైద్యవృత్తిలో ఉన్నవాళ్లకు ఈ శోధన ఎక్కువే. రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, చావుబతుకుల ఒత్తిడి, వీటికితోడు చేతికందే దూరంలో ఫెంటానిల్, పెంటజోసిన్, కెటామిన్ ఇంజెక్షన్లు. ముందుగా గమనించేది సహోద్యోగులే. అడక్కుండానే అదనపు డ్యూటీలకు ముందుకు రావడం, మందుల అల్మారా తాళాల కోసం ఆరాటం, అస్తమానం ఆంప్యూల్ పగిలిందని చెప్పడం, మిగిలిన మందు పారబోసినట్టు సాక్షి సంతకం లేకుండా రాయడం, మండువేసవిలోనూ నిండుచేతుల చొక్కా, చాలాసేపు బాత్రూంలో ఉండిపోవడం. అన్నిటికన్నా బాధాకరమైన గుర్తు ఒకటుంది. ఇంజెక్షన్ ఇచ్చినట్టు చార్టులో ఉంటుంది, రోగి మాత్రం నొప్పితో మూలుగుతూనే ఉంటాడు! వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. నాలుగైదు కలిసి కనిపిస్తే మాత్రం కళ్లు మూసుకోకూడదు. వైద్యుల నియమావళి (2002) సహవైద్యుల అనైతిక ప్రవర్తనను భయపక్షపాతాలు లేకుండా బయటపెట్టమంటోంది. మన సంఘాల్లో నర్సులు ఎంతమందో! ‘ఎందుకొచ్చిన గొడవ, ప్రార్థన చేద్దాం’ అని ఊరుకోవడం ప్రేమ అనిపించుకోదు. అలాగని కారిడార్‌లో నిలదీసి పంపేయడమూ ప్రమాదమే. పరువు పోయిందన్న నిస్పృహలో, చేతికందే మందులున్న మనిషి ఒంటరిగా ఇంటికెళ్తే ఏం చేసుకుంటాడో చెప్పలేం. పై అధికారికి తెలియజేసి, రోగుల బాధ్యత నుంచి వెంటనే తప్పించి, తోడుగా ఒక మనిషినిచ్చి చికిత్సకు పంపాలి.

చికిత్సతో వైద్యులు మళ్లీ నిలబడతారా? నిలబడతారు. అమెరికాలో 16 రాష్ట్రాల పర్యవేక్షణ కార్యక్రమాల్లో చేరిన 904 మంది వైద్యులను ఐదేళ్లపాటు గమనించిన అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చివరిదాకా వివరాలు దొరికినవారిలో దాదాపు 79 శాతం మంది లైసెన్సుతో పనిచేస్తున్నారు. చికిత్సతో వదిలేయకుండా ఏళ్లతరబడి మూత్రపరీక్షలతో, పర్యవేక్షణతో వెన్నంటి ఉన్నారు. మంచి సమరయుడు గాయాలకు కట్టుకట్టి ఊరుకోలేదు, పూటకూళ్లవానికి రెండు దేనారాలిచ్చి, తిరిగొచ్చినప్పుడు మిగతాది చెల్లిస్తానన్నాడు (లూకా 10:35). ఆ తిరిగిరావడంలోనే సగం వైద్యం ఉంది.

అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో రాబర్ట్ స్మిత్ అనే సర్జన్ ఉండేవాడు. చిన్నప్పుడు తల్లిదండ్రులు బలవంతంగా చర్చికి తిప్పితే విసిగిపోయి, పెద్దయ్యాక చర్చి ముఖమే చూడకూడదనుకున్నాడు. తాగుడు, వణుకు ఆగడానికి మత్తుమాత్రలు, మళ్లీ తాగుడు! 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే మరో తాగుబోతు ఆయన్ను కలిశాడు. పావుగంట చాలని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు, ఎందుకంటే ఎదుటివాడు నీతులు చెప్పలేదు, తన కథ తాను చెప్పుకున్నాడు. స్మిత్ ఆ తర్వాత కూడా ఒకసారి పడిపోయాడు. జూన్ 10న ఆపరేషన్ చేయవలసి ఉండగా చేతులు వణక్కుండా బిల్ ఇచ్చిన బీరే ఆయన చివరి చుక్క. ఆపరేషన్ అయ్యాక గంటలకొద్దీ కనిపించకుండా పోయాడు. ఎక్కడికెళ్లాడనుకుంటున్నారు? తాను నొప్పించినవాళ్ల గుమ్మాలెక్కి, జక్కయ్యలాగా లెక్కలు సరిచేసుకుంటూ తిరిగాడు! ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిన రోజుగా దాన్నే లెక్కిస్తారు. యాకోబు పత్రిక వాళ్లకెంత ఇష్టమంటే, ఆ సహవాసానికి ‘జేమ్స్ క్లబ్’ అని పేరు పెట్టాలనుకున్నారు. 1950లో చనిపోయేదాకా డాక్టర్ స్మిత్ మళ్లీ తాగలేదు. సిస్టర్ ఇగ్నేషియా తోడుగా సెయింట్ థామస్ ఆసుపత్రిలో వేలాదిమందికి ఉచితంగా చికిత్స చేశాడు.

మన చట్టంలోనూ తలుపు తెరిచే ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం వాడకం, కొద్దిపాటి పరిమాణం కేసుల్లో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు, చికిత్స మధ్యలో మానేస్తే అది పోవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో డీఅడిక్షన్ విభాగముంది. కేంద్రం నడిపే ఉచిత సహాయవాణి నంబరు 14446. మానసిక ఆందోళనలకైతే టెలీ మానస్, 14416. ఈ రెండు నంబర్లను సంఘ ప్రకటనల్లో బైబిల్ స్టడీ వేళల పక్కన వేయించడానికి ఖర్చేమీ కాదు. ఎర్రగడ్డ ఓపీ వరుసలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆ సహోదరుడి పక్కన ఎవరు కూర్చుంటారన్నది మాత్రం వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుని పేరుపేరునా తేల్చుకోవలసిన సంగతి.